నాన్న బీపీటీ వదలనంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న (తెనాలి వైపు నుంచి):
సొంతం ఎకరం, కౌలు రెండెకరాలు. అంతా బీపీటీ 5204 వరే, అదే సాంబ మసూరి. నిరుడు ఆకు కొసల నుంచి ఎండింది, ఈసారి పైరు పొట్ట మీద ఉండగా మళ్లీ మొదలైంది. వచ్చే ఖరీఫ్‌కు మెరుగుపరచిన సాంబ మసూరి వేద్దామంటే నాన్న వినరు. "కొత్త విత్తనం మొదటి ఏడు మురిపిస్తుంది, రెండో ఏడు ముంచుతుంది" అంటారు. ఎలా ఒప్పించాలి?

జవాబు (గుంటూరు):
ఒప్పించడం తర్వాత, ముందు తెగులేదో తేల్చుకోండి. మీరు చెప్పే రకం 2008లో వచ్చింది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, అక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి బీపీటీలోకే బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణం ద్వారా తెచ్చాయి. గింజ సన్నదనం అదే, కోత వారం పది రోజులు ముందు. అయితే దోమపోటుకో, అగ్గితెగులుకో అది మందు కాదు. పైరు సుడులు సుడులుగా ఎండితే దుబ్బు మొదట్లో దోమ ఉందేమో చూడండి. ఆకు అంచుల వెంట ఎండితే, ఎండు, పచ్చ కలిసేచోట ఆకు కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లగా దిగితే ఎండాకు తెగులే. ఈలోగా యూరియా ఆపండి.

జవాబు (మంగళగిరి, కౌలు రైతు):
పెద్దాయనది మొండితనం అనుకోకండి. ఆయన భయం విత్తనం దగ్గర కాదు, కాటా దగ్గర. నేనొకసారి దిగుబడి బాగుందని తెలియని రకం వేశాను. బస్తాలు పెరిగాయి, వ్యాపారి మాత్రం పేరు వినలేదని ధర కోశాడు. కౌలు బస్తాలు తగ్గవు కదా! మా భూమి గలవారైతే తిండికి బీపీటీయే కొలవమంటారు. కోతకు ముందే గింజ తీసుకెళ్లి మిల్లులో అడగండి.

ప్రశ్న అడిగినవారు:
గ్లాసులో గంజిలా దిగింది. నాన్న కూడా చూశారు. ఏమీ అనలేదు, గ్లాసు మాత్రం కడగనివ్వలేదు. సాయంత్రం, పాతిక సెంట్లు వేసుకో అన్నారు. అదీ మురుగు నిలిచే చివరి మడి!

జవాబు (గుంటూరు):
మంచి మడే ఇచ్చారు, ఈ తెగులు ముందు పట్టేది అక్కడే. పక్కనే బీపీటీ ఉంటుంది కాబట్టి తేడా ఆయన కంటికే కనబడుతుంది. ఆరు కిలోల విత్తనం చాలు. నారుమడి వేరుగా పోయండి. రాలిన పాత గింజలు మొలిచి కలిస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఏది ఏదో తెలియదు. ఇది హైబ్రిడ్ కాదు, నచ్చితే మడి మధ్యలో కోసిన గింజనే మళ్లీ విత్తనానికి ఉంచుకోవచ్చు. ఈ మాట నాన్నగారికి ముందే చెప్పండి, ఏటా కొనాలేమో అన్న బెంగ ఉంటే తీరుతుంది.