పైనాపిల్ వాసన అరగంటకే పోతోంది, ఎందుకు?

ప్రశ్న: పైనాపిల్, కొబ్బరి, టియారే పువ్వు కలిసిన పెర్ఫ్యూమ్ వాడుతున్నాను. కొట్టుకోగానే వచ్చే ఆ పైనాపిల్ వాసనకి నాకు ప్రాణం లేచొస్తుంది. అరగంటకల్లా అది పోయి పూల వాసనే మిగులుతోంది. సీసా పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాడవలేదండి. పండ్ల వాసననిచ్చే అణువులు చాలావరకు తేలికైనవి, ముందు అవే ఆవిరైపోతాయి. పూలవి నెమ్మది. కొబ్బరి వాసననిచ్చే గామా నోనాలాక్టోన్ అయితే ఇంకా నిదానం. సాయంత్రం చున్నీ వాసన చూడండి, తెలుస్తుంది.

మరో జవాబు: పొడి చర్మం మీద నాకూ నిలవదు. ముందు వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, ఆపైన స్ప్రే చేస్తాను. సీసాని ఎండ తగిలేచోట మాత్రం పెట్టకండి.

అడిగినవారు: ఈరోజు మాయిశ్చరైజర్ రాసి చూశాను. పైనాపిల్ గంటసేపు ఉంది! మెడ దగ్గర కొబ్బరి ఇప్పటికీ తెలుస్తోంది.