ఈ వారం సమస్య: ‘నిద్రపోయినోడె నిజము చెప్పె’

నిర్వాహకుడు, నల్లగొండ:
ఇది ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదానికి అర్థం కుదిరేలా పూరించాలి. సందర్భం మీకు తెలిసిందే. పట్నంలో ఒకే గదిలో కాపురముండే నలుగురు తిక్క మనుషుల సినిమా ఇప్పుడు మన దగ్గర ఆడుతున్నది. చూసొచ్చినవాళ్ళలో కొందరు పడీ పడీ నవ్వామంటున్నారు, కొందరు తలనొప్పి మాత్ర వేసుకున్నామంటున్నారు. ఆ గొడవ పద్యంలోకి రావాలి. సినిమా పేరు, హీరో పేరు మాత్రం వద్దు. పెడితే పూరణ పోయి అభిమానుల పంచాయితీ మిగులుతుంది.

కొత్తవాళ్ళ కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. గణమంటే లఘువులు, గురువులు (పొట్టి, పొడుగు అక్షరాలు) కలిసిన ముక్క; సూర్యగణాలు చిన్నవి (గలం, నగణం), ఇంద్రగణాలు పెద్దవి (భగణం, సలం వంటివి). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. ప్రాసతో పని లేదు. ‘పోయినోడె’ అన్నది వాడుక మాట. సినిమాహాలు ముచ్చట కాబట్టి కావాలనే ఉంచాను, దాని మీద వాదన పెట్టొద్దు.

గద్వాల అంచు:
అన్న తప్పు జేసె నని కుంభకర్ణుండు
కొలువు నందు బలికె గొంకు లేక
మంత్రులెల్ల మెచ్చి మాట తీపిగ జెప్ప
నిద్రపోయినోడె నిజము చెప్పె

పిల్లలమర్రి ఊడ:
అక్కా, సినిమా అడిగితే లంకకు తీసుకుపోయినవ్! పైగా కుంభకర్ణుడు ఆ మాట అన్నప్పుడు మేల్కొనే ఉన్నాడు కదా. డప్పులు, శంఖాలు మోగించి, ఏనుగులతో తొక్కించి లేపితేనే కొలువుకు వచ్చాడు.

గద్వాల అంచు:
పోయినోడు అంటే అప్పటిదాకా నిద్రపోయినవాడు, తమ్ముడూ. ఇప్పుడు పోతున్నవాడు అని ఎక్కడుంది? సినిమా కూడా ఉన్నది చూడు. మంత్రులంటే మొదటి ఆట చూడగానే ‘బ్లాక్‌బస్టర్’ అని అరిచేవాళ్ళు.

నిర్వాహకుడు:
ఛందస్సులో వేలు పెట్టడానికి సందు లేదు. మొదటి పాదంలో ‘జేసెన్ + అని’ విడదీసి చూస్తే ‘అన్న’తో స్వరయతి (అచ్చుల పొత్తు). గద్వాలవాళ్ళ పద్యం ఇట్లా కాక ఇంకెట్లా ఉంటుంది? తిరుపతి వేంకట కవులు సైతం గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానం చేసి పోయినవారే. కానీ మంత్రులే అభిమానులని మీరు విడిగా చెప్పాల్సి వచ్చింది చూడండి, అక్కడ నేను మార్కు తగ్గిస్తాను. సమస్య రాగానే పురాణంలో దూరడం మన పాత అలవాటు. సందర్భం ఇచ్చాక కూడా దూరితే అది తప్పించుకోవడమే.

డిండి కాల్వ:
చూడకుండ నొకడు జోరుగా మెచ్చెను
సగము జూచి యొకడు చప్పదనియె
“కన్ను మూతబడెను, కథ నాకు తెలియదు!”
నిద్రపోయినోడె నిజము చెప్పె

పానగల్లు గట్టు:
శభాష్. మా ఆఫీసులో అచ్చం ఇదే జరిగింది. ట్రైలర్ మాత్రమే చూసినవాడు అయిదుకు నాలుగు ఇచ్చాడు. ఇంటర్వెల్‌కు బయటకొచ్చి మళ్ళీ లోపలికి పోనివాడు క్లైమాక్స్ బాగాలేదన్నాడు.

నిర్వాహకుడు:
విరోధం విడిపోయిన తీరు బాగుంది. నిద్రపోయినవాడికి సినిమా గురించి ఏం తెలుస్తుందని అడిగేలోపే, తెలియదని చెప్పడమే ఆ నిజం అని తేల్చేశారు. మూడో పాదంలో ‘అనె’ లాంటి క్రియ లేకుండా మాటను మాటగా వదిలెయ్యడం కూడా నాకు నచ్చింది.

హాలియా కుర్రోడు:
సార్, పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే తిట్టకండి.
హాలు లోన జనము నవ్విరి గట్టిగ
నాకు నవ్వు రాక నసిగినాను
పక్క సీటులోన బాపు గురక పెట్టె
నిద్రపోయినోడె నిజము చెప్పె

డిండి కాల్వ:
గురకే రివ్యూ అన్నమాట! ఒక్క ముక్క మాట్లాడకుండా నిజం చెప్పాడు, ఇంతకంటే ఏం కావాలి? గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది. ‘హా’కు ‘న’ కుదరదు.

గద్వాల అంచు:
‘హాలు లోన జనము హాయిగా నవ్విరి’ అని మార్చుకో నాయనా. ‘బాపు గురక పెట్టె’లో గణాలు ఎట్లా విరిగాయో చూడండి, ‘బాపుగు’ భగణం, ‘రకపెట్టె’ సలం. తెలిసి చేశాడో, చెవికి పట్టి వచ్చిందో గాని బాగుంది.

పానగల్లు గట్టు:
అదంతా సరే, కన్నతండ్రిని ‘పోయినోడె’ అంటావురా? ఈ పద్యం ఇంట్లో చదివితే రాత్రికి అన్నం పెట్టరు.

హాలియా కుర్రోడు:
అయ్యో, అది తట్టనే లేదు! ‘బావ గురక పెట్టె’ అని మార్చుతున్న. గణం మారదు, బావను ఏమన్నా నడుస్తది.

నిర్వాహకుడు:
దిద్దిన పద్యమే లెక్కలోకి తీసుకుంటున్నా. బెదరొద్దు తమ్ముడూ. ఈ నేలన కవులే లేరన్న మాటకు 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది పద్యాలతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జవాబిచ్చారు. వాళ్ళు కూడా ఏదో ఒకరోజు మొదటి పద్యం రాసినవాళ్ళే.

పిల్లలమర్రి ఊడ:
ఇగ నాది. సినిమా లోపలి నుంచే తీసిన.
పప్పు డబ్బ లోన పైసలు మాయమై
ఒట్టు పెట్టిరంద రొకరి కొకరు
రాత్రి కలవరింత రట్టు జేసెను గుట్టు
నిద్రపోయినోడె నిజము చెప్పె

గద్వాల అంచు:
ఆ సీన్‌కు నేను కూడా నవ్వాను. కోడిగుడ్ల మీద స్కెచ్ పెన్నుతో ఎవరి పేరు వాళ్ళు రాసుకునే మనుషులు అద్దె డబ్బులు మాత్రం అందరికీ తెలిసిన పప్పు డబ్బాలో దాస్తారు. ఆ తిక్కలోనే లెక్క ఉంది. సెకండాఫ్‌లో ఓనరు చుట్టూ తిప్పకుండా గదిలోనే ఉంచి ఉంటే ఇంకా బాగుండేది.

నిర్వాహకుడు:
నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే నిజం చెప్పడం. ఎవరినీ లేపలేదు, ఎక్కడికీ పోలేదు. ‘రట్టు’, ‘గుట్టు’ ఒకే పాదంలో కుదిరాయి. పూరణ అంటే ఇట్లా ఉండాలి.

వనపర్తి దారి:
నేను ఈ సినిమాకు నవ్వలేకపోయాను. బాగాలేదని కాదు.
రాత్రి పనికి పోయి రాగానె పడుకునె
గదిల నున్న వింత గాదు వాడు
“ఇంత నవ్వులేల యిది మన బతుకని”
నిద్రపోయినోడె నిజము చెప్పె

అందులో పొద్దంతా పడుకునే నాలుగోవాడి మీద జోకులే జోకులు. మొఖం మీద నీళ్ళు చల్లుతారు, మీసం గీకుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గదిలో అట్లాంటివాడు ఒకడుండేవాడు. రాత్రంతా ఏటీఎం దగ్గర కాపలా, తెల్లారి వచ్చి చెప్పులు విప్పకుండానే చాప మీద ఒరిగేవాడు. కోచింగ్ పోరగాళ్ళం మేము చదువుకుంటూ వాడి చెవి పక్కనే గట్టిగా బిట్లు అప్పజెప్పేవాళ్ళం. నెల ఒకటో తారీఖున కిరాయి ముందుగా పెట్టేది మాత్రం వాడే.

పానగల్లు గట్టు:
అన్నా, నవ్వుల సినిమాను ఇంత గుండెకు తీసుకుంటే ఎట్లా? గదిలో ఉన్నోళ్ళం మేము కూడా. మమ్మల్ని చూసి మేమే నవ్వుకున్నాం.

వనపర్తి దారి:
మీరు నవ్వింది మీ మీద. హాల్లో నా పక్కనోళ్ళు నవ్వింది వాడి మీద.

డిండి కాల్వ:
నా ఓటు ఈ పద్యానికే. మొదటి బహుమతి దీనికే ఇవ్వాలి.

నిర్వాహకుడు:
యతి, గణం అన్నీ సరిగ్గా ఉన్నాయి. ‘గదిల’ అన్న మన మాట పద్యంలో చక్కగా ఒదిగింది. కానీ మూడో పాదంలో మాట్లాడుతున్నవాడు ఎవరు? పడుకున్నవాడే అయితే ఎప్పుడు లేచాడు, ఎవరితో అన్నాడు? పద్యంలో లేదు. వాడెవడో కింద రాసిన వచనం చదివితే గాని తెలియదు. గద్వాల అక్కకు ఏ కారణంతో మార్కు తగ్గించానో అదే కారణంతో ఇక్కడా తగ్గించాలి, లేకపోతే అన్యాయం. అందుకే మొదటి స్థానం కలవరింత పద్యానికి. రెండోది డిండి కాల్వది. వనపర్తి దారి పద్యాన్ని మాత్రం నేను చాలాసార్లు చదువుకున్నాను. రేపు సెకండ్‌షోకు మళ్ళీ పోయి ఆ నాలుగోవాణ్ణి చూడాలనుంది.

డిండి కాల్వ:
తీర్పుకు ఒప్పుకోను, కానీ సరే.

నిర్వాహకుడు:
వచ్చే వారం సమస్య కూడా ఆటవెలది నాలుగో పాదమే: ‘అద్దె కట్టువాడె యతిథి యయ్యె’. ఈసారి రామాయణం, భారతం, భాగవతం మూడూ బంద్. గద్వాల అక్కా, వింటున్నారా?