సెరిబ్రల్ పాల్సీ బాబుకి నీళ్లు పట్టడం: చిక్కదనం నిలవడం లేదు, ఏం కలుపుతున్నారు?

బాబుకి ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు సరిగా ఉండదు. మెత్తగా మెదిపిన అన్నం బాగానే మింగుతాడు, పలచటి నీళ్లకే పొలమారుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, పాదాల కింద పీట వేసి, గడ్డం కాస్త కిందికి ఉంచి సగం చెంచా చొప్పున పడుతున్నాం. తర్వాత అరగంట పడుకోబెట్టం.

తేనె జారేంత చిక్కగా ఇమ్మని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. మొక్కజొన్న పిండి ఉడికించి కలిపితే, ఎంగిలి చెంచా మళ్లీ గ్లాసులో మునిగిన కాసేపటికే నీరైపోతోంది. ఉమ్మిలోని ఎంజైము పిండిని విరిచేస్తుంది, అదీ అసలు చిక్కు. రాగిజావ చల్లారితే గడ్డకడుతోంది. శాంతన్ గమ్‌ని (పానీయాల్ని చిక్కబరిచే పొడి) ఉమ్మి కరిగించలేదు కాబట్టి దానికి మారాలనుకుంటున్నాం.

వాడుతున్నవాళ్లు దయచేసి చెప్పండి: 100 మిల్లీలీటర్లకి ఎంత పొడి? ఉండలు కట్టకుండా ఎలా కలుపుతారు? పుల్ల మజ్జిగలో నిలుస్తుందా? మలబద్ధకం పెరిగిందా? ఎండలు ముదిరాయి, ఒంట్లో నీరు తగ్గుతుందేమోనని భయంగా ఉంది.