పాత సీపాప్ మోడల్ తీసుకోవాలా, కొత్తదా?

నాన్నగారికి స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క) 34 వచ్చింది. డాక్టర్ గారు ఆటో సీపాప్ (నిద్రలో మాస్క్ ద్వారా ప్రెషర్‌తో గాలి పంపుతూ, అవసరాన్ని బట్టి ఆ ప్రెషర్‌ని తనే మార్చుకునే మెషిన్) రాశారు, ప్రెషర్ 6 నుంచి 12. అద్దె మెషిన్‌తో బాగానే నిద్రపోతున్నారు గానీ తెల్లవారుజామున 3 గంటలప్పుడు ప్రెషర్ 11 దాటగానే ఊపిరి వదలడం కష్టమై మాస్క్ తీసేస్తున్నారు. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగ్‌ను చివరిదాకా పెంచాం, ముక్కు మాస్క్ మార్చి ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టాం. మాస్క్ నుంచి గాలి లీక్ నిమిషానికి 24 లీటర్ల లోపే ఉంది. అయినా అదే ఇబ్బంది.

ఇక సొంతంగా కొనాలి. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 తక్కువకి దొరుకుతోంది, 11 ధర ఎక్కువ. రెండింటికీ ప్రెషర్ 4 నుంచి 20 వరకే. 11లో ఉండే టచ్ స్క్రీన్ ఆయనకి అక్కర్లేదు, తెల్లారేదాకా పడుకుంటే చాలు.

10 నుంచి 11కి మారినవాళ్లు చెప్పండి: అదే మాస్క్, అదే ప్రెషర్‌లో ఊపిరి వదలడం నిజంగా తేలికైందా?