నిమ్మ కుకీల్లోకి తొక్క తురుమా, ఎసెన్సా?

కొత్తచెయ్యి: మూడుసార్లు చేశాను. రెండు కాయల రసం పోసినా వాసన లేదు, పైగా ట్రేలో పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఏం వెయ్యాలి?

గూడూరు ఆడపడుచు: రసంలో ఉండేది పులుపమ్మా, వాసనంతా తొక్కలోని నూనెది. రసం ఎక్కువైతే ముద్ద జారైపోయి పరుచుకుంటుంది. 200 గ్రాముల మైదా, 100 గ్రాముల వెన్న, 80 గ్రాముల పంచదారకి రెండు కాయల తొక్క పైపైన తురిమి, ముందు పంచదారలో వేసి వేళ్లతో నలుపు. పంచదార తడి ఇసుకలా అయి, వంటిల్లంతా నిమ్మ వాసన వచ్చాక వెన్న కలుపు. రసం ఒక చెంచా చాలు.

కూకట్‌పల్లి ఒవెన్: తొక్క వేస్తే చేదు. ఆరేళ్లుగా ఆర్డర్ల మీద చేస్తున్నా. ఎసెన్స్ అయితే ప్రతిసారీ ఒకటే రుచి.

నల్గొండ వంటిల్లు: మా వైపు బత్తాయి తొక్క వేస్తాం, బాగుంటుంది.

గూడూరు ఆడపడుచు: చేదు తొక్కది కాదండీ, కింద తెల్లపొరది. మీరు గట్టిగా గీకి ఉంటారు.

కూకట్‌పల్లి ఒవెన్: నేనెలా గీకానో మీరు చూశారా? సన్న తురుముతోనే చేశాను, చేదే వచ్చింది. పుట్టినరోజుకని పన్నెండు డబ్బాలు చెప్పినావిడ అన్నీ తిప్పి పంపింది, పైసా ఇవ్వలేదు. మా బాబు ఫీజు కట్టాల్సిన వారం అది.

ఇద్దరుపిల్లలతల్లి: బజారు కాయలకి మందులు కొడతారు. ఆ తొక్క పిల్లలకెలా పెడతారు?

గూడూరు ఆడపడుచు: గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి తుడిచి తురుముతాను. నిమ్మకాయ ఊరగాయ తొక్కతోనే కదా పెడతాం?

కూకట్‌పల్లి ఒవెన్: ఊరగాయలో ఉప్పూ కారం ఉంటాయి కాబట్టి చేదు తెలీదు. ఒక్కసారి మీరు చేసి అమ్మి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

గూడూరు ఆడపడుచు: అమ్మడం గురించే నా బాధ. పోయినేడు ఇంట్లో చేసి అమ్మేవాళ్ల దగ్గర నిమ్మ కుకీల డబ్బా కొని నాన్నకి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లు నిమ్మతోట చేసిన మనిషి. ఒకటి కొరికి, రెండో ముక్క వాసన చూసి, "ఇందులో మన కాయ లేదే" అని పక్కన పెట్టేశాడు. ఆ నెలలోనే ధర పడిపోయి, కోత కూలి కూడా రాక, కాయలు చెట్ల కిందే వదిలేశాం. ఎసెన్స్ వేసుకోండి, డబ్బా మీద నిమ్మకాయ బొమ్మ ఎందుకు?

కూకట్‌పల్లి ఒవెన్: అంటే నేను మోసం చేస్తున్నాననేగా! ఆ మాట మొదటే అనాల్సింది. ఎండాకాలం కాయ రేటు మండిపోతుంటే నాకు తగ్గించి ఇచ్చేదెవరు? కాయ ఖరీదైందని డబ్బా మీద పది రూపాయలు పెంచితే మళ్లీ ఫోన్ చేయరు. బొమ్మ తీసేయమంటే తీసేస్తా, నిమ్మ ఫ్లేవర్ అని రాస్తా. నా కష్టాన్ని మాత్రం తక్కువ చేయకండి.

గూడూరు ఆడపడుచు: మీ కష్టాన్ని అనలేదండీ. ఆ రోజు నాన్న మొహం చూశాను, అంతే. చవగ్గా దొరికినప్పుడు తురిమి, పంచదారలో కలిపి ఫ్రీజర్లో పెట్టుకుంటే నెలల తరబడి వస్తుంది.

కూకట్‌పల్లి ఒవెన్: లెక్క వేసి చూస్తా. చేదు మాత్రం ఉంది.

కొత్తచెయ్యి: అక్కా, పంచదారలో నలిపి చేశాను, వాసన అదిరింది. 170 డిగ్రీల మీద పావుగంట ఉంచితే అడుగు మాడింది. ఎన్ని నిమిషాలకి తీయాలి?

గూడూరు ఆడపడుచు: 12 నిమిషాలకి చూడు. అంచు రంగు మారగానే తీసెయ్, మధ్యలో మెత్తగా ఉన్నా చల్లారాక గట్టిపడతాయి.