అప్‌డేట్: బురద ఎట్టకేలకు గుళికలు కట్టింది

ప్రయోగశాలలో మురుగునీటి శుద్ధికి నడుపుతున్న చిన్న రియాక్టర్‌లో బురద (నీటిని శుభ్రంచేసే సూక్ష్మజీవుల ముద్ద) గుళికలు కట్టక దూదిలా తేలుతోందని, కారణం ఏమిటని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తప్పు నాదే.

గాలి చాలడం లేదనుకుని పంపు వేగం పెంచుతూ పోయాను. అసలు చిక్కు తేరుకునే సమయంలో, అంటే గాలి ఆపాక బురద అడుగుకు దిగడానికి ఇచ్చే వ్యవధిలో ఉంది. అరగంట ఇస్తుంటే తేలికపాటి బురద కూడా తీరిగ్గా అడుగుకు దిగి అక్కడే ఉండిపోయేది. త్వరగా దిగే బరువైన బురదే మిగలాలని ఆ సమయాన్ని క్రమంగా 5 నిమిషాలకు తగ్గించాను. మొదట్లో చాలా బురద నీటితోపాటు కొట్టుకుపోతుంటే గుండె జారింది. ఆరో వారంలో గాజు గొట్టం అడుగున ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలు కనిపించాయి! ఇప్పుడు గాలి ఆపిన నిమిషానికే దిగిపోతున్నాయి.

నీటిని కూడా గాలి ఆపి అడుగునుంచి నెమ్మదిగా ఎక్కిస్తున్నాను. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన నెరెడా పద్ధతిలోనూ (ఇలాంటి గుళికలతోనే మురుగునీటిని శుద్ధిచేసే పద్ధతి) అంతే. గుళిక పైపొరలో ఆక్సిజన్ అందే సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ఆక్సిజన్ చేరని లోపలి పొరలో ఆ నైట్రేటు నైట్రోజన్ వాయువైపోతుంది. రెండు ట్యాంకుల పని ఒక్క గింజలో!

నీటిలోంచి ఫాస్ఫరస్ తొలగించడం మాత్రం ఇంకా దారికి రాలేదు.