ఎస్సార్సీ, శ్రీకృష్ణ రిపోర్టులు: గైడు చాలా, అసలు కాపీ చదవాలా?

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6
గ్రూప్-1 మెయిన్స్ ఆరో పేపర్ (తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం) కోసం రెండు రిపోర్టులు చదవాలనుకుంటున్నాను. ఒకటి 1955 నాటి రాష్ట్రాల పునర్విభజన కమిషన్‌ది (ఎస్సార్సీ), అంటే ఫజల్ అలీ కమిషన్. రెండోది తెలంగాణ డిమాండ్ మీద కేంద్రం వేసిన 2010 శ్రీకృష్ణ కమిటీది. నా ముందు మూడు దారులున్నాయి: కేంద్ర హోంశాఖ పెట్టిన పీడీఎఫ్, కోఠిలో చూసిన ప్రైవేటు రీప్రింట్ (ఇంగ్లిషే, ముందు పెద్ద ముందుమాట ఉంది), లేదంటే తెలుగు గైడులో ఉన్న సారాంశం. నాది తెలుగు మీడియం. రూమ్మేట్ గైడు చాలంటాడు, నాకు మనసొప్పడం లేదు. ఏది చదవమంటారు?

కోఠి బేరగాడు
గైడే చాలు తమ్ముడూ. శ్రీకృష్ణ రిపోర్టు మొదటి సంపుటమే 400 పేజీలు దాటుతుంది. పరీక్షలో అడిగేదేమో రాష్ట్రాన్ని ఏం చేయాలన్న దాని మీద కమిటీ ఇచ్చిన ఆరు ఆప్షన్లు, కమిటీ దేనికి మొగ్గింది, దాని మీద విమర్శ ఏంటి. ఇదంతా గైడులో రెండు పేజీల్లో ఉంటుంది. మిగిలిన టైమ్‌లో ఎకానమీ చదువుకో. ఒరిజినల్ చదివానని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ దానికి మార్కులు వేయరు.

ఆసఫియా పాత పాఠకుడు
బేరగాడు గారూ, ఆ రెండు పేజీల్లోనే ఉంది తంటా అంతా. ఎస్సార్సీ సంగతే తీసుకోండి. ఒక గైడులో "ఫజల్ అలీ కమిషన్ ప్రత్యేక తెలంగాణను సిఫార్సు చేసింది" అని ఉంటుంది. ఇంకోదాంట్లో "విశాలాంధ్ర (ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఒకే రాష్ట్రం) వల్ల లాభాలున్నాయని ఒప్పుకుంది" అని ఉంటుంది. రెండూ నిజమే, రెండూ సగమే.

రిపోర్టులో వరస ఇదీ. మొదట విశాలాంధ్ర వాదన చెబుతారు, అందులో బలముందని ఒప్పుకుంటారు. తర్వాత తెలంగాణవాళ్ల భయాలు వివరిస్తారు. 382వ పేరాలో ఆంధ్రలో అభిప్రాయం పెద్ద రాష్ట్రానికే గట్టిగా అనుకూలమనీ, తెలంగాణలో ప్రజాభిప్రాయం ఇంకా ఒక రూపానికి రాలేదనీ అంటారు. ఆ తర్వాత 386లో అసలు సిఫార్సు: ప్రస్తుతానికి తెలంగాణ ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రం పేరుతో వేరుగా ఉంచాలి. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరుకుంటే ఆంధ్రలో కలపవచ్చు.

"ప్రస్తుతానికి" అన్న మాటను ఒకరు తీసేస్తారు, మూడింట రెండొంతుల షరతును ఇంకొకరు తీసేస్తారు. పైగా ఆ హైదరాబాద్ రాష్ట్రంలో బీదర్ జిల్లా కూడా ఉండాలన్నారు. ఏ గైడులో చూశారు ఈ మాట? నేనైతే చూడలేదు. 1956లో బీదర్ మైసూరుకు పోయింది కాబట్టి, ఇప్పటి మ్యాపుకు అడ్డమొస్తుందని వదిలేశారేమో.

కోఠి బేరగాడు
బీదర్ గురించి ఏ ప్రశ్నపత్రంలో వచ్చింది సార్? మీరు రిసర్చ్ చేస్తున్నారు, ఆ పిల్లాడు పరీక్ష రాస్తున్నాడు.

నల్లగొండ టీచరమ్మ
మెయిన్స్‌లో "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అని అడిగితే ఏం రాస్తావు బాబూ? అందరూ అవే గైడులు చదివి అవే నాలుగు వాక్యాలు రాస్తారు. కమిషన్ రెండు వైపులా ఎలా తూచిందో రాసినవాడి పేపరే వేరుగా కనపడుతుంది. అలాగని మొత్తం చదవక్కర్లేదు. ఎస్సార్సీలో హైదరాబాద్, ఆంధ్ర మీద ఉన్న భాగం చిన్నదే, డిక్షనరీ పక్కన పెట్టుకున్నా ఒక ఆదివారం సరిపోతుంది. శ్రీకృష్ణలో తొమ్మిదో అధ్యాయం తప్పకుండా చదవాలి, ఆప్షన్లన్నీ అందులోనే ఉన్నాయి. నీళ్ల మీద నాలుగోది, ఉద్యోగాల మీద ఐదోది, హైదరాబాద్ నగరం మీద ఆరోది ఓపిక ఉంటే చూడు. మిగతావి గైడులో చదువుకో. తెలుగు మీడియం అని భయపడకు, సర్కారు ఇంగ్లిష్‌లో వచ్చే పదాలు మళ్లీ మళ్లీ అవే వస్తుంటాయి.

లా కాలేజీ గోడ మీద
అక్కా, ఒక మాట. "ఒరిజినల్" అంటున్నారు గానీ శ్రీకృష్ణ రిపోర్టు పూర్తిగా ఎక్కడుంది? 2011 జనవరి 6న బయటపెట్టిన దాంట్లో ఎనిమిదో అధ్యాయం, అంటే శాంతిభద్రతల మీద ఉన్నది, పేరుకే ఉంది. అసలు విషయం విడి నోట్‌గా సీల్డ్ కవర్‌లో హోంశాఖకు ఇచ్చారు. దాని మీద కేసు పడింది. 2011 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టాలన్నారు, ఆ నోట్‌లోని కొన్ని భాగాలను తీర్పులోనే ఉదహరించారు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని ఆపేసింది. అంటే హోంశాఖ పీడీఎఫ్ చదివినవాడికి కూడా కొంత తెలియదు, తీర్పు చదివినవాడికే తెలుస్తుంది. సర్కారు ముద్ర ఉంటే చాలు సంపూర్ణం అనుకోవడం ఎందుకు?

ఆసఫియా పాత పాఠకుడు
అది లోపమే, కాదనను. కానీ పీడీఎఫ్‌లో ఆ లోపం కళ్లకు కనిపిస్తుంది. ఎనిమిదో అధ్యాయం దగ్గరికి రాగానే వివరాలు విడిగా ఇచ్చామని వాళ్లే రాశారు. గైడులో ఏది తీసేశారో మనకు తెలిసే దారే లేదు. ఈ తేడా చాలు నాకు.

రూమ్మేట్ (గైడు పార్టీ)
నేనే ఆ రూమ్మేట్‌ని. ఇంత మాట్లాడుతున్నారు గదా, ఆరో ఆప్షన్ మొదటి ప్రాధాన్యం, ఐదోది రెండోది. ఇది గైడులో ఉంది, రిపోర్టులోనూ ఉంది. తేడా ఏంది?

నల్లగొండ టీచరమ్మ
తేడా ఐదో ఆప్షన్ చివరి వాక్యంలో ఉంది నాయనా. రాష్ట్రాన్ని సమైక్యంగానే ఉంచి తెలంగాణ ప్రాంతీయ మండలికి చట్టబద్ధత ఇవ్వడం ఆరోది. హైదరాబాద్ రాజధానిగా తెలంగాణ, కొత్త రాజధానితో సీమాంధ్ర అన్నది ఐదోది. ఐదోదాన్ని ఊరికే రెండో ర్యాంకు అని వదిలేయలేదు. విభజన తప్పనిసరైతేనే, అదీ మూడు ప్రాంతాలూ సామరస్యంగా ఒప్పుకుంటేనే అన్నారు. 2014లో జరిగిన తీరుతో దాన్ని పోల్చి రాయమని అడిగితే ఆ షరతు తెలియకుండా ఏం రాస్తావు?

రూమ్మేట్ (గైడు పార్టీ)
సరే మేడమ్, ఆ వాక్యం వరకూ ఒప్పుకుంటా. మిగతా నాలుగు వందల పేజీల మాట మాత్రం ఒప్పుకోను.

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6
మరి కోఠి రీప్రింట్ సంగతి ఎవరూ చెప్పలేదు. బేరమాడితే తగ్గిస్తానన్నాడు. పీడీఎఫ్ ఫోన్‌లో చదవాలంటే కళ్లు లాగుతున్నాయి, ఎస్సార్సీదేమో స్కాన్ కాపీ, ఏదైనా పదం వెతుకుదామంటే దొరకదు.

లా కాలేజీ గోడ మీద
రీప్రింట్ వేయడం తప్పేం కాదు. సర్కారు వేసిన కమిషన్ రిపోర్టు సభలో ప్రవేశపెట్టాక, ప్రభుత్వం ప్రత్యేకంగా వద్దంటే తప్ప, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షనే చెబుతోంది. అందుకే మార్కెట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తారు. ముందుమాట చదవకు, అందులో అది రాసినాయన రాజకీయమే ఉంటుంది.

ఆసఫియా పాత పాఠకుడు
కొనే ముందు రెండు చూడు. పేరా అంకెలు ఉన్నాయా లేదా? ఏ అచ్చులోనైనా పేజీలు మారతాయి గానీ 386వ పేరా 386గానే ఉండాలి. అంకెలు ఎగరగొట్టిన పుస్తకాన్ని జవాబులో ఉదహరించలేవు. రెండోది, ఎస్సార్సీ చివర ఇద్దరు సభ్యుల విడి నోట్లుంటాయి. హిమాచల్ మీద ఫజల్ అలీది, ఉత్తరప్రదేశ్‌ను విడదీయాలని పణిక్కర్‌ది. అవి లేకపోతే అది కత్తిరించిన కాపీ. శ్రీకృష్ణదైతే అనుబంధాల సంపుటం విడిగా ఉంటుంది, నేను చూసిన రీప్రింట్లో అది లేదు.

కోఠి బేరగాడు
ఇన్ని చూసి కొనేలోపు నోటిఫికేషన్ వచ్చేస్తుంది. తమ్ముడూ, టీచరమ్మ చెప్పిన అధ్యాయాలు మాత్రం జిరాక్స్ షాపులో రెండువైపులా ప్రింట్ తీయించుకో, రీప్రింట్ కంటే చవక. గైడు మాత్రం పారేయకు.

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6
ఎస్సార్సీలో ఆంధ్ర, హైదరాబాద్ భాగం, శ్రీకృష్ణలో తొమ్మిది, ఐదు ప్రింట్‌కి ఇస్తున్నాను. నీళ్ల అధ్యాయం రూమ్మేట్‌కి అప్పగించాను, వాడు ఇంకా సై అనలేదు. హైకోర్టు తీర్పు కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.